రాత్రి పళ్ళు కొరకడం: ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి, డాక్టరును ఏం అడగాలి, ఏం చేయించుకోకూడదు

ఒడిశాలోని మా పర్లాకిమిడిని తిత్లీ తుఫాను ఊపేసిన ఏడాది అది, 2018. అక్టోబరులో మా కొట్టు మీది రేకులు లేచిపోయాయి, సరుకు తడిసింది, అప్పు మిగిలింది. ఆ తరవాత నెలలో ఒక రాత్రి నాకు మెలకువ వచ్చింది. బీరువా వెనక ఎలుక చెక్క కొరుకుతున్నట్టు చప్పుడు. లైటు వేసి వెతికాను, ఏమీ లేదు. లైటు ఆర్పి పడుకున్న కాసేపటికి మళ్ళీ కరకర. అప్పుడు తెలిసింది, ఆ చప్పుడు నా పక్కనుంచే వస్తోందని. మా ఆయన నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు.

పొద్దున్నే అత్తయ్యతో చెబితే "కడుపులో పురుగులుంటాయమ్మా, మందెయ్యి" అన్నారు. మా వైపు ఎవరిని అడిగినా ఇదే మాట. మందు వేశాం, చప్పుడు ఆగలేదు. ఆయనకు రోజూ లేవగానే కణతల దగ్గర నొప్పి. ఎండ వల్ల అనుకున్నాం, కళ్ళజోడు మార్పించాం. ఒకచోట చూపిస్తే జ్ఞానదంతం వల్లేనని పీకేశారు. నొప్పి అలాగే ఉంది. చివరికి బరంపురంలో ఒక దంతవైద్యురాలు ఆయన చెంపల మీద చెరో వైపు రెండు వేళ్ళు ఆనించి, "పళ్ళు గట్టిగా బిగించండి" అన్నారు. బిగించారో లేదో "అబ్బా" అని తల వెనక్కి లాక్కున్నారు. నొప్పి పంటిది కాదు, దవడ కండరానిది.

గుర్తుపట్టడానికి మాకు ఏడాది పట్టింది. మీకు అంత పట్టకూడదని, అప్పటినుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టరును కాను. మందు, పరికరం ఏదైనా వైద్యుడు చూసి చెప్పాల్సిందే. కానీ వైద్యుడి దాకా వెళ్ళేలోపు ఇంట్లో చూసుకోవాల్సింది చాలా ఉంది.

ముందు ఇదేమిటో తెలుసుకోండి

నిద్ర రాత్రంతా ఒకే లోతులో ఉండదు. మధ్యమధ్యలో మెదడు మూడు నుంచి పదిహేను సెకన్ల పాటు కాస్త మేలుకుంటుంది. మనకు తెలియదు, పొద్దున గుర్తుండదు. అందరికీ జరిగేదే ఇది. కొందరికి ఆ క్షణంలో గుండె వేగం పెరిగి, వెంటనే దవడ కండరాలు బిగుసుకుని నమిలినట్టు కదులుతాయి. అదే పళ్ళు కొరకడం. కొందరు కొరకరు, చప్పుడు లేకుండా బిగబట్టి ఉంచుతారు. పళ్ళకూ దవడకూ జరిగే నష్టం రెండింటితోనూ ఉంది.

ఒకప్పుడు పళ్ళ వరస వంకరగా ఉండటం వల్లే ఇదంతా అనుకునేవారు. ఇప్పుడు వైద్యులు ఆ మాట అనడం లేదు. నిద్ర, మనసు, ఊపిరి, పొగాకు, మద్యం, కొన్ని రకాల మాత్రలు, కుటుంబంలో ఉండటం, వీటివైపే చూస్తున్నారు. 2018లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన నిర్వచనంలో కూడా, ఆరోగ్యవంతుల్లో దీన్ని జబ్బు అనలేదు. కండరాల కదలికగానే చూడాలని, అయితే కొందరిలో హాని చేయవచ్చని అన్నారు. అంటే పళ్ళు కొరికే ప్రతివారికీ చికిత్స అక్కరలేదు. పళ్ళు అరగకుండా, నొప్పి లేకుండా, నిద్ర బాగా పడుతుంటే గమనిస్తూ ఉంటే చాలు.

చికిత్స అవసరమైతే అందులో రెండు వేరువేరు పనులు ఉంటాయని మొదటే అనుకోండి. పళ్ళను అరుగుదల నుంచి కాపాడటం ఒకటి. నిద్రను చెదరగొడుతున్నది ఏదో వెతకడం రెండోది. చాలామంది మొదటిది చేయించుకుని రెండోదాన్ని వదిలేస్తారు. మేమూ అదే చేశాం.

మొదటి పని: పక్కన పడుకునేవాళ్ళను అడగడం

కొరికేవాళ్ళకు తెలియదు కాబట్టి సాక్ష్యం పక్కవాళ్ళదే. ఒంటరిగా ఉండేవారు, సూరత్ మగ్గాల దగ్గరో విశాఖ గదుల్లోనో ఉండే మన పిల్లలు, తోటివాళ్ళను సిగ్గుపడకుండా అడగాలి. ఎవరూ లేకపోతే ఫోన్ ఉంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డర్ ఆన్ చేసి, తలగడకు చేయిదూరంలో ఉంచండి. ఒక రాత్రి చాలదు, ఎందుకంటే ఇది రోజూ ఒకేలా ఉండదు. మూడు నాలుగు రాత్రులు చేసి, కరకర, కిర్రుకిర్రు, టకటక లాంటి చప్పుడు ఉందేమో వినండి. గురక కూడా వినండి. గురక ఆగి, కాసేపు నిశ్శబ్దం, తరవాత ఉక్కిరిబిక్కిరిగా ఊపిరి తీసుకున్న చప్పుడు వస్తే రాసిపెట్టుకోండి. దాని సంగతి తరవాత చెబుతాను.

చప్పుడు లేనంత మాత్రాన లేదని కాదు. బిగబట్టేవాళ్ళకు చప్పుడు రాదు.

రెండో పని: పొద్దున్నే అద్దం ముందు ఐదు నిమిషాలు

పళ్ళు తోముకోకముందే చేయాలి ఇది. ఫోన్ టార్చి పట్టుకోండి.

దవడ బిగిసినట్టు ఉందా? నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టండి, మీ వేళ్ళే. మామూలుగా పడతాయి. పడకపోతే కండరం పట్టేసి ఉండవచ్చు. ఇక్కడ ఒక మాట. గుట్కా, వక్క, పాన్ అలవాటు ఉన్నవాళ్ళలో బుగ్గ లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోకపోవడం వేరే జబ్బు. అది క్యాన్సర్‌కు దారితీయగలది. మన వైపు ఈ అలవాటు ఎక్కువ కాబట్టి, నోరు తెరుచుకోకపోతే పళ్ళు కొరకడమేనని సరిపెట్టుకోకుండా చూపించుకోవాలి.

ఇప్పుడు పళ్ళు చూడండి. కోరపళ్ళ కొనలు మొనదేలి ఉండాలి. కొరికేవాళ్ళకు అవి సాన పట్టినట్టు చదునుగా ఉంటాయి. టార్చి వేస్తే ఆ చదును మీద మెరుపు కనిపిస్తుంది. మా ఆయన కింది కోరపన్నును డాక్టరమ్మ పై కోరపన్ను మీద ఆనించి, దవడ పక్కకు జరపమన్నారు. పళ్ళు ఎక్కువగా పక్కపక్కకే రాసుకుంటాయి కాబట్టి, రెండు చదునులూ తాళం, తాళంచెవిలా ఒకదాన్లో ఒకటి కూర్చున్నాయి. ఆ రోజు నేను పక్కనే ఉండి చూశాను. ఆ తరవాత ఇక అనుమానం లేదు.

నాలుక బయటికి చాపండి. అంచులు అలల్లా, పళ్ళ అచ్చులు పడినట్టు ఉన్నాయా? బుగ్గ లోపల, పళ్ళు కలిసే ఎత్తులో తెల్లటి గీత ఉందా? ఇవి ఒక్కటే చూసి తేల్చకూడదు, కానీ మిగతావాటితో కలిస్తే బలమైన గుర్తులు. పంటి పైనుండే పింగాణి పొర (ఎనామెల్) పెచ్చులూడటం, ఫిల్లింగ్ మాటిమాటికీ రాలిపోవడం, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనడం, చెవిలో ఏమీ లేకుండానే చెవిపోటు, ఇవి కూడా లెక్కలోకి వస్తాయి.

చివరగా చెంపల మీద వేళ్ళు ఆనించి పళ్ళు బిగించండి. ఉబికే కండరాన్ని మెల్లగా నొక్కండి. తరవాత కణతలు. నొప్పిగా ఉంటే, ఎడమా కుడీ తేడా ఉంటే రాసుకోండి.

మూడో పని: రెండు వారాల కాగితం

ఒక నోటుబుక్కు పేజీ చాలు. రోజూ పొద్దున నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె. పక్కన నిన్న సాయంత్రం ఏం జరిగిందో ఒక్క వాక్యం: చివరి టీ ఎన్నింటికి, పొగ తాగారా, మందు తాగారా, అన్నం ఎన్నింటికి, ఏ టెన్షన్ మీద పడుకున్నారు. మా కాగితంలో బ్యాంకు వాయిదా కట్టే వారం అంతా ఏడు, ఎనిమిది. మిగతా వారం నాలుగు. ఈ కాగితం తీసుకెళ్తే డాక్టరుకు చెప్పాల్సినదానిలో సగం అందులోనే ఉంటుంది.

మీరు వాడే మాత్రల పేర్లు కూడా అందులో రాయండి. ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్, ఆందోళన మాత్రలు కొందరిలో పళ్ళు కొరకడాన్ని తెప్పిస్తాయి. అలా అని వాటిని సొంతంగా ఆపేస్తే అసలు జబ్బు తిరగబెడుతుంది, తల తిరగడం లాంటివి వస్తాయి. రాసిన డాక్టరుకే చెప్పండి, మోతాదో మందో మారుస్తారు.

నాలుగో పని: ఊపిరి సంగతి తేల్చుకోవడం

ఇది జనం వదిలేసే పని, అందుకే గట్టిగా చెబుతున్నాను. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నవారిలో పళ్ళు కొరకడం కూడా కనిపిస్తుంటుంది. పెద్ద గురక, పక్కవాళ్ళు "ఊపిరి ఆగినట్టుంది" అని కంగారుపడటం, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కునికిపాట్లు, బీపీ, 40 సెంటీమీటర్లకు మించిన మెడ చుట్టుకొలత, యాభై దాటిన వయసు. వీటిలో మూడు నాలుగు ఉంటే ముందు స్లీప్ స్టడీ గురించి అడగండి. రాత్రంతా తలకూ ఛాతీకీ తీగలు పెట్టి నిద్రను కొలిచే పరీక్ష అది. భువనేశ్వర్, విశాఖపట్నాల్లో చేస్తారు. పళ్ళు కొరకడం ఉందని నూటికి నూరుపాళ్ళు తేల్చేది కూడా ఆ పరీక్షే. కానీ అందుకోసమే అందరికీ చేయించాల్సిన పని లేదు.

ఈ తేల్చుకోవడం ముందే జరగాలి. పళ్ళు అరగకుండా రాత్రిపూట పై పళ్ళకు పెట్టే తొడుగును నైట్ గార్డు అంటారు. ఊపిరి జబ్బు ఉన్న కొందరిలో అది ఆ జబ్బును పెంచవచ్చు.

మా ఆయనకు గురక లేదు. ఆయనది ఛాతీలో మంట. రాత్రి పదిన్నరకు కొట్టు మూసి వచ్చి, పులుసు కలుపుకుని తిని, పదకొండుకు వాలిపోయేవారు. కడుపులో పులుపు పైకి తన్నడం కూడా నిద్రను చెదరగొట్టి పళ్ళు కొరికిస్తుంది. పైగా పులుపు తగిలి మెత్తబడ్డ పింగాణి పొర ఇంకా తొందరగా అరుగుతుంది. ఇప్పుడు ఎనిమిదికే క్యారేజీ కొట్టుకు పంపుతున్నాను. ఆ ఒక్క మార్పుతో మంట తగ్గింది, కాగితం మీద అంకె కూడా తగ్గింది.

ఐదో పని: పగలు దవడను వదులు చేయడం

మాట్లాడనప్పుడు, తిననప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తగలకూడదు. ఇది చాలామందికి తెలియదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక కొన "ల" అనబోయేటప్పుడు ఆనే చోట మెత్తగా ఆని ఉండాలి. ఇప్పుడే చూసుకోండి, ఇది చదువుతూ మీ పళ్ళు బిగించి ఉన్నారేమో.

బరంపురం పట్టు నేసే ఇళ్ళల్లో పోగు చూస్తూ, కుట్టుమిషను దగ్గర సూదిలో దారం ఎక్కిస్తూ, లెక్కలు వేస్తూ గంటల తరబడి దవడ బిగిస్తాం. గుర్తుచేయడానికి మేము గల్లాపెట్టె మీద, అద్దం మీద, ఫోను వెనక చిన్న బొట్టుబిళ్ళలు అంటించాం. బిళ్ళ కనబడినప్పుడల్లా దవడ వదలడం. పగటి అలవాటు మారితే రాత్రిది మాయమవుతుందని నేను హామీ ఇవ్వను. కానీ కండరానికి పగలైనా విశ్రాంతి దొరుకుతుంది, పొద్దుటి నొప్పి తగ్గుతుంది. దారం పళ్ళతో తెంపడం, సోడా మూత పళ్ళతో తీయడం, వక్క, ఐసు, చూయింగ్ గమ్ మానేయండి. నొప్పి ఎక్కువున్న రోజుల్లో మెత్తటివే తినండి. మన చద్దన్నం, ఒడియావాళ్ళ పఖాళ అలాంటి రోజులకు చక్కగా సరిపోతాయి.

పడుకునే ముందు గోరువెచ్చటి తడిగుడ్డతో చెంపలకు, కణతలకు పది పదిహేను నిమిషాలు కాపడం. తరవాత రెండేసి వేళ్ళతో చెంప కండరాన్ని గుండ్రంగా ఒక నిమిషం రుద్దడం. నాలుక కొనను అంగిటికి ఆనించి, అది జారనంత వరకే నోరు మెల్లగా తెరిచి మూయడం, ఆరుసార్లు. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి.

టీ, కాఫీలు సాయంత్రం నాలుగు తరవాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పొగాకు ఏ రూపంలో ఉన్నా నిద్రను లేపేదే: బీడీ, ఖైనీ, మన అవ్వలు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ, పళ్ళకు రుద్దే గుడాఖు. గుడాఖుతో పళ్ళు శుభ్రపడతాయని చాలామంది నమ్ముతారు. అందులో ఉన్నది పొగాకు. మా అత్తయ్య చేత దాన్ని మాన్పించడానికి మూడేళ్ళు పట్టింది, మధ్యలో రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టారు, అయినా మానారు. ఇక సారా, ఇప్పసారా, బ్రాందీ ఏదైనా నిద్ర పట్టిస్తుందనిపిస్తుంది గానీ తెల్లవారుజామున నిద్రను ముక్కలు చేసి కొరకడాన్ని పెంచుతుంది.

ఆరో పని: దంతవైద్యుడి దగ్గర

బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, కటక్‌లో ఎస్.సి.బి. ప్రభుత్వ దంత కళాశాల ఉంది. అంత దూరం వెళ్ళేముందు మీ జిల్లా ఆసుపత్రిలో పంటి డాక్టరు ఉన్నారేమో కనుక్కోండి. డాక్టరుకు తెలుగు రాకపోతే ఈ రెండు ఒడియా మాటలు చాలు: "రాతిరే దాంత కడమడ కరుఛి", అంటే రాత్రి పళ్ళు కొరుకుతున్నాడు. "సకాళే ముండ బింధుఛి", అంటే పొద్దున్నే తలనొప్పి. మిగతాది వేలితో చూపించండి, కాగితం ఇవ్వండి, రికార్డింగ్ వినిపించండి.

సాధారణంగా సూచించేది నైట్ గార్డు. పళ్ళ అచ్చు తీసుకుని, ఎక్కువగా పై పళ్ళకు, గట్టి అక్రిలిక్‌తో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన చేస్తారు. ఇది కొరకడాన్ని మాన్పించదు. పళ్ళకు బదులు అది అరుగుతుంది. ఇది ముందే తెలియక చాలామంది "పెట్టుకున్నా కొరుకుతూనే ఉన్నాను" అని పక్కన పడేస్తారు. వేడినీళ్ళలో ముంచి కొరికి తయారు చేసుకునే మెత్తటివి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. కొన్నాళ్ళు ఆపద్ధర్మంగా పనికొస్తాయి గానీ, మెత్తగా ఉండటం వల్ల కొందరు వాటిని ఇంకా ఎక్కువ నములుతారు.

డబ్బు కట్టకముందే అడగండి: గట్టిదా, మెత్తదా? సరిచేయడానికి మళ్ళీ వస్తే వేరే ఫీజు ఉందా? విరిగితే? గార్డు ఇచ్చిన రోజు నీలం కాగితం పెట్టి కొరికించి, అన్ని పళ్ళూ సమంగా తగిలేలా సరిచేయాలి. అది చేయకుండా ఇచ్చేస్తే చేయమని అడగండి. మొదటి వారం లాలాజలం ఎక్కువ వస్తుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది. పగలు అరగంట పెట్టుకుని అలవాటు చేసుకుంటే తేలిక. పొద్దున తీశాక పళ్ళు కాసేపు సరిగా కలవనట్టు అనిపించడం మామూలే. గంట దాటినా అలాగే ఉంటే మళ్ళీ చూపించండి.

చల్లటి నీళ్ళతో మెత్తటి బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, గాలి ఆడే డబ్బాలో పెట్టండి. వేడినీళ్ళలో వేస్తే వంకరపోతుంది. రాయగడ ఎండకు కిటికీలో పెట్టినా అంతే.

చేయించుకోకూడనివి

కొరకడం ఆగుతుందని చెప్పి మంచి పళ్ళను అరగదీస్తామంటే, అన్నిటికీ క్యాపులు వేస్తామంటే ఒప్పుకోకండి. ఆ పని చేశాక వెనక్కి తీసుకోలేం. కొరకడం అదుపులోకి రాకుండా వేసిన ఖరీదైన క్యాపు కూడా పగిలిపోతుంది. తలనొప్పికి పన్ను పీకే ముందు ఎక్స్‌రేలో ఆ పంటికి ఏముందో చూపించమనండి. మేము అడగలేదు. బొటాక్స్ ఇంజెక్షన్ కండరం బలాన్ని తగ్గిస్తుంది, మూడు నాలుగు నెలలకు ప్రభావం పోతుంది. మిగతావన్నీ చేసి చూశాక, అనుభవం ఉన్నవాళ్ళ దగ్గర మాత్రమే ఆలోచించాల్సిన విషయం అది. కండరాలు వదులు చేసే మాత్రలు, నిద్రమాత్రలు మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు.

పిల్లల సంగతి

పిల్లల్లో ఇది పెద్దల్లోకన్నా ఎక్కువ, చాలామందిలో టీనేజీకల్లా తగ్గిపోతుంది. పాలపళ్ళు కాస్త అరిగితే కంగారుపడక్కరలేదు, ఎదిగే దవడకు గార్డు మామూలుగా పెట్టరు. నులిపురుగుల వల్లే కొరుకుతారనడానికి గట్టి ఆధారం లేదు. అయినా జాతీయ నులిపురుగుల దినాన ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ తప్పకుండా వేయించండి. పురుగులు రక్తహీనత తెస్తాయి కాబట్టి అది వేరే కారణానికి అవసరం. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు 200 మిల్లీగ్రాములు, ఆ పైన 400. మందు వేశాక కూడా కొరుకుతుంటే మళ్ళీ మళ్ళీ వేయకండి. నోటితో ఊపిరి తీసుకుంటూ గురక పెడుతుంటే గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ చూపించండి. వాటికి చికిత్స చేశాక చాలామంది పిల్లల్లో కొరకడం తగ్గుతుంది.

ఆలస్యం చేయకూడనివి

దవడ పట్టేసి తెరుచుకోకపోయినా, తెరిచింది మూసుకోకపోయినా, ముఖం వాచి జ్వరం వచ్చినా, ఒకవైపు మొద్దుబారినా ఆ రోజే వెళ్ళండి. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే అది గుండె కావచ్చు. 108కి ఫోన్ చేయండి, పంటి డాక్టరు కోసం వెతకకండి.

ఆరు నెలలకొకసారి

అదే వెలుతురులో, అదే దూరం నుంచి పళ్ళ ఫోటో తీసి దాచుకోండి. అరుగుదల పెరుగుతోందో ఆగిందో కంటికి తెలిసేది అలాగే. చూపించుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ గార్డు వెంట తీసుకెళ్ళండి. మా ఆయన గార్డు ఇప్పుడు రెండోది. మొదటిదాని మీద రెండేళ్ళలో గోరుతో గీరినట్టు గీతలు, కుడి పక్క చిన్న గుంట. దాన్ని పారేయకుండా డబ్బాలో ఉంచాను. రెండోదాని మీద గీతలున్నాయి గానీ గుంట ఇంకా పడలేదు. కోరపన్ను ఫోటోల్లో నాలుగేళ్ళుగా తేడా లేదు. వాయిదాల వారంలో ఆ చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది, అప్పుడు భుజం మీద మెల్లగా తట్టి పక్కకు తిప్పి పడుకోబెడతాను.